నూలు దుమ్ము కాని దగ్గు

పక్కింట్లో మరమగ్గాలు ఆగాయంటే శేఖర్ దగ్గు వినిపిస్తుంది. పొడిగా మొదలై, చివర కళ్ళె గొంతులో గరగరలాడే దగ్గు. నిన్న గోడ మీదుగా అడిగితే "నూలు దుమ్ము పెదనాయనా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా నగరిలో ప్రతి నేతగాడూ చెప్పే మాటే ఇది. వయసులో ఉన్నప్పుడు నేనూ ఇదే చెప్పాను, తిరుపతిలో డాక్టర్ నసీమాకు.

అప్పటికే ఆమె దగ్గర కుష్టుకు మందు మింగుతున్నాను. మచ్చలు మానుతున్నాయనుకుంటుండగా మోచేతి దగ్గర నరం వాచి, కుడిచేతి చివరి వేళ్ళు చచ్చుబడసాగాయి. తెగిన పోగును అతకలేని చెయ్యి మగ్గానికెందుకు? ఆమె నాకోసం బల్ల సొరుగులో ఒక నూలు కండె ఉంచుకునేది. వెళ్ళిన ప్రతిసారీ పోగు తెంచి ఇచ్చి, అతకమని చేతి బలం చూసేది. ఆ రోజు ముడి పడనే లేదు.

"చెయ్యి పోతా ఉండాది, ఏదో ఒక మాత్ర ఇయ్యమ్మా."

"ఇస్తా. ఆ దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"నూలు దుమ్ములేమ్మా."

"దుమ్ముకు సాయంత్రం జ్వరం వస్తాదా మునిరత్నం? దుమ్ముకు నడుం మీద పంచె జారతాదా?"

కళ్ళె పరీక్షలో క్షయ తేలింది. నరం వాపు తగ్గించి చేతిని కాపాడే స్టెరాయిడే ఒంట్లోని కాపలాను నిద్రపుచ్చి క్షయను రేపుతుందట. కుష్టుకు నెలకొకసారి మింగే ఎర్ర మాత్ర క్షయకైతే రోజూ పడాలి. నెలకొక్కటైతే ఆ క్రిమి చావదు, మొండికేస్తుంది. ఇదంతా బొమ్మలు గీసి చెప్పింది. ఐదో తరగతి దాటనివాడికి ఇవన్నీ ఎందుకమ్మా అంటే, "ఒళ్ళు నీదా, నాదా?" అంది. ఆ తర్వాత నేను చదివినదంతా ఆ మాట పుణ్యమే.

క్షయ వార్డు మనిషి మమ్మల్ని గడపలోనే ఆపాడు.

"కుష్టోళ్ళకు ఈడ మంచం లేదు."

నేను వెనక్కి తిరిగాను. ఆమె తిరగలేదు.

"మందు పడినాక ఇతని కుష్టు ఎవరికీ అంటదప్పా. అంటేది ఆ దగ్గు. దగ్గు చూసేదానికేగదా నువ్వుండేది? మంచం యాడుండాదో చూపించు."

తలుచుకుంటే ఇప్పటికీ కోపమే. ఒకే ఒంట్లోని రెండు రోగాలకు రెండు గుమ్మాలు పెట్టి, మనిషిని మధ్యలో నిలబెట్టడం ఏం న్యాయం?

మంచం దొరికింది. క్షయ మందులు మొదలుపెట్టి, వాటి అండతోనే స్టెరాయిడ్ ఇచ్చింది. అన్ని మందులకు కామెర్లు వస్తాయేమోనని కనురెప్ప లాగి చూసేది. కండె మాత్రం కోటు జేబులో తెచ్చేది. నెలలు గడిచాక ఒకరోజు ముడి పడింది. ఆమె రెండు కొసలూ పట్టి లాగింది. ఊడలేదు.

చిటికెన వేలు నేటికీ పూర్తిగా చాచలేను. మిగతా చెయ్యి నాదే. ఈ ఉదయం ఆ చేత్తోనే శేఖర్ మగ్గం స్విచ్చి ఆపేశాను.

"ఏంది పెదనాయనా, పని చెడగొడతావు?"

"సాయంత్రం జొరం వస్తాదా?"

వాడు జారుతున్న లుంగీ బిగించుకున్నాడు.

"సొక్కా తొడుక్కో. కళ్ళె పరీక్షకు పోదాం."

"నేను పోతాలే. నువ్వెందుకు?"

"గడపలో ఎవడన్నా ఆపితే మాట్లాడేదానికి" అన్నాను.