పెద్దమ్మ ఫోటోకి చేసిన టచింగ్

మొన్న నల్లగండ్లలో మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళి, లిఫ్టు దిగి వరండాలో నడుస్తుంటే పుల్లటి వాసనొకటి ముక్కుకి తగిలి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఎవరింట్లోనో పచ్చడి చెడిపోయిందని ఒకరు, డ్రైనేజీ లీకవుతోందని ఒకరు, అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అప్పటికే రెండు రోజులుగా పెద్ద రభస నడుస్తోందట. అది ఫోటోలు కడిగే మందుల వాసనని గుర్తుపట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. పక్క ఫ్లాట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అమ్మాయి స్నానాల గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, ఎర్రబల్బు పెట్టుకుని, రీలు మీద తీసిన నలుపు తెలుపు ఫోటోల్ని తనే కడగడం నేర్చుకుంటోంది. నాకా పని వచ్చని తెలిసి సంబరపడిపోయి, తన ఫోటోలన్నీ చూపించి, చివర్లో ఒక నెగిటివ్ తెచ్చి, ముఖం మీది మచ్చలు పోయేలా టచింగ్ చేయడం నేర్పమని అడిగింది. కళ్ళు సరిగ్గా కనబడవమ్మా అని తప్పించుకుని వచ్చేశాను. కళ్ళు బాగానే ఉన్నాయి.

నేను ఆ విద్య నేర్చుకున్నది ముప్పై ఎనిమిదో ఏట. కలర్ ల్యాబులు వీధికొకటి వెలిసి, నలుపు తెలుపు ఫోటో అంటే కంపెనీ గుర్తింపు కార్డుకి తప్ప దేనికీ పనికిరాదని అందరూ తేల్చేసిన తొంభైల చివరి రోజులవి. అప్పుడు నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ టూల్ రూములో ఫిట్టర్ని. ఆ గుర్తింపు కార్డు ఫోటో కోసమే బస్టాపు వెనకాల ఉన్న పాత స్టూడియోకి వెళ్ళి, ఇంకా తయారవలేదంటే విసుక్కుంటూ లోపలికి తొంగిచూసినవాణ్ణి, ఎర్రటి మసక వెలుతురులో, ట్రేలో నానుతున్న తెల్లకాగితం మీద నా ముఖమే మెల్లగా తేలి రావడం చూసి అక్కడే నిలబడిపోయాను. ఆ స్టూడియో పెద్దాయన్ని చుట్టుపక్కల అందరూ ఉస్తాద్ అనేవారు. సెకండ్ షిఫ్టు పడిన వారాల్లో పొద్దున్నే ఆయన చీకటి గదికి చేరడం నాకు అలవాటైంది.

ఈ వయసులో ఇదేం పిచ్చి అని ఇంట్లో నవ్వారు. నవ్వే పనులూ చేశాను మరి. మొట్టమొదటి ప్రింటు డెవలపర్‌లో బాగా వచ్చిందన్న ఆనందంలో, బొమ్మ చెదరకుండా నిలిపే హైపో మందులో ముంచడం మరచి, పగటి వెలుతురులో చూసుకుందామని బయటికి తెచ్చాను, అది నా చేతుల్లోనే నల్లబడిపోయింది. ఉస్తాద్ కోప్పడలేదు, అందరూ ఒకసారి చేసే పనే అని ఇంకో కాగితం ఇచ్చాడు. డెవలపర్‌లో ఎంతసేపు, హైపోలో ఎంతసేపు అని నేను గడియారం పట్టుకుని కాగితం మీద రాసుకుంటుంటే మాత్రం ఆయనకి నవ్వాగేది కాదు.

ఇంతకీ నేను కెమెరా పట్టింది మా పెద్దమ్మ కోసం. నాకు రెండేళ్ళప్పుడు ఊళ్ళో స్ఫోటకం వచ్చి మా అమ్మని తీసుకుపోయింది. అదే జబ్బు మా అమ్మ అక్కకీ వచ్చింది గానీ, ముఖమంతా గుంటలు గుంటలుగా మచ్చలు వదిలి ప్రాణం మాత్రం దక్కనిచ్చింది. ఆమే నన్ను పెంచింది. మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు, చూసుకోవడానికి ఒక్క ఫోటో కూడా లేదు. పెద్దమ్మ ఫోటో కూడా లేదు. నా పెళ్ళి ఆల్బంలో సైతం ఎక్కడో కొంగు అంచు తప్ప ఆమె కనిపించదు. మచ్చల వల్ల సిగ్గుపడుతోందని నేనే అనుకున్నాను. ఆమెని అడగలేదు.

ఆమె నార్సింగిలో ఉండేది. అప్పటికది పల్లెటూరే, ఆమె కూరగాయలు పండించే మడి ఇంటి వెనకే ఉండేది. ఒక ఆదివారం ఉస్తాద్ దగ్గర పైనొకటి కిందొకటి అద్దాలుండే రెండు కళ్ళ కెమెరా అడిగి తీసుకుని, స్కూటర్ మీద కూకట్‌పల్లి, మాదాపూర్, గచ్చిబౌలి మీదుగా బయల్దేరాను. మాదాపూర్‌లో ఆ గుండ్రటి అద్దాల మేడ లేస్తున్న రోజులు. దారి పొడవునా గుట్టలు పేలుస్తుండేవాళ్ళు, ఎర్రజెండా పట్టుకున్నవాడు ఆపిన చోటల్లా ఆగి, దుమ్ము సర్దుకున్నాక కదలాల్సి వచ్చేది. ఫోటో తీస్తానంటే పెద్దమ్మ ఒక్కమాట కూడా అడ్డు చెప్పకుండా, ముఖం కడుక్కుని, చీర మార్చుకుని గడపలో కూర్చుంది. పక్కనుంచి వెలుతురు పడితే ముఖానికి నిండుదనం వస్తుందని ఉస్తాద్ చెప్పిన పాఠం గుర్తుంచుకుని అలాగే తీశాను.

ఆ వెలుతురు ప్రతి మచ్చనీ పట్టుకుంది. గుంటలో నీడ, గుంట అంచున మెరుపు, అన్నీ నెగిటివ్‌లో స్పష్టంగా ఉన్నాయి. ఉస్తాద్ దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇది చూస్తే పెద్దమ్మ మనసు కష్టపెట్టుకుంటుందని, టచింగ్ చేసిన తర్వాతే ప్రింటు వేస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. "జర సోంచాయించు బేటా. ముందుగాల ఉన్నదున్నట్టు కాగితం మీదికి తీయి, ఆమెకు చూపెట్టు. పెన్సిల్ గీతలంటే తుడిస్తే పోతయి, బ్లేడు పెట్టినవంటే మల్ల రాదు" అన్నాడు. నాకు వినబుద్ధి కాలేదు.

మన ఈడువాళ్ళు స్టూడియోలో దిగిన ప్రతి ఫోటో వెనకా ఈ పని ఉండేది, మనకి తెలియదంతే. గరుకు అద్దం మీద నెగిటివ్ పెట్టి, కిందినుంచి వెలుగు పడేలా చేసి, భూతద్దంలో చూస్తూ సూదిలా చెక్కిన పెన్సిలుతో నీడల్ని నింపాలి. మెరుపుల్ని బ్లేడు మొనతో, పొర చిరగకుండా, కనీకనబడనంతగా గీకాలి. వెంట్రుకలో పదోవంతు తేడా పట్టే టూల్ రూము చేయి నాది, ఉస్తాద్ కంటే నున్నగా చేస్తున్నానని నాకు లోలోపల గర్వంగా కూడా ఉండేది. మూడు వారాలు పట్టింది. చెంపలు, నుదురు, ముక్కు కొన, గడ్డం, ఒక్క మచ్చ లేకుండా చదును చేసి, దొరికినవాటిలో పెద్ద కాగితం మీద ప్రింటు వేసి, ఆరబెట్టి, అట్టల మధ్య పెట్టుకుని నార్సింగి తీసుకెళ్ళాను.

పెద్దమ్మ చేతులు తుడుచుకుని ఫోటో తీసుకుంది. చూసింది. మెల్లగా గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. వేళ్ళతో ఆ కాగితం మీది చెంపని నిమిరి, "ఇది నేను కాదు బిడ్డా. మా చెల్లె. మీ అమ్మ అచ్చం గిట్లనే ఉంటుండె" అంది.

నా అంతటివాడు లేడని బయల్దేరినవాణ్ణి, నలభై ఏళ్ళు దగ్గర పడుతుండగా మొదటిసారి మా అమ్మ ముఖం చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పెద్దమ్మ కూడా ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, టీ పెడుతూ, మామూలుగా, "మంచిగైంది. మరి నాదెప్పుడు తీస్తవ్?" అంది. మచ్చలున్నా పర్వాలేదా అని అడిగితే వింతగా చూసింది. "నా మొకానికి మచ్చలు లేకుంటే నన్నెవరు గుర్తువడ్తరు? గిన్నేండ్ల సంది ఎవరన్న తీస్తమంటే కదా నేను దిగేది" అంది.

వచ్చే ఆదివారమే తీస్తానని మాటిచ్చాను. ఆ ఆదివారం ఫ్యాక్టరీలో ఓవర్‌టైము పడింది, తర్వాత వానలు పట్టుకున్నాయి, తర్వాత బజారులో నలుపు తెలుపు రీలు దొరకలేదు. ఏ కలర్ రీలైనా వేసి ఒక్కటి నొక్కి ఉంటే సరిపోయేది. నా చేత్తో కడిగిందే ఇవ్వాలన్న పట్టుదలతో నెలలు గడిపేశాను. ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం పెద్దమ్మ మడి దగ్గరినుంచి వచ్చి, కాసిన్ని మంచినీళ్ళు తాగి, నడుం వాల్చి మళ్ళీ లేవలేదు.

దినాలయ్యాక నెగిటివ్ పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన దూది మందులో ముంచి పెన్సిలు గీతలన్నీ తుడిచేశాడు. నీడలు తిరిగొచ్చాయి, బ్లేడు తీసేసిన మెరుపులు రాలేదు. ప్రింటు వేస్తే మచ్చలకి బదులు మసిమరకలు కనిపించాయి. అందులో పెద్దమ్మ లేదు, ఇప్పుడు మా అమ్మ కూడా లేదు. ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు గానీ, చెప్పాను కదా అని అనలేదు.

తర్వాత ఒకటి రెండేళ్ళలో ఆ స్టూడియో ఎత్తేశారు. పెద్దమ్మ మడి ఉన్న చోటు ఎక్కడో కూడా ఇప్పుడు చెప్పలేను, రోడ్లూ మేడలూ వచ్చి ఆనవాళ్ళన్నీ చెరిగిపోయాయి. ఈ కాలం పిల్లలు ఒక మనిషికి ఒక్క పూటలో వంద ఫోటోలు తీస్తారు, వాళ్ళని చూస్తే అసూయగానే ఉంటుంది. నాకు ఒక్కటి చాలు.

ఆనాడు వేసిన ఆ పెద్ద ప్రింటు మా ఇంట్లో గోడ మీద ఉంది. మీ అమ్మగారా అని వచ్చినవాళ్ళు అడుగుతారు, అవునంటాను. ఎవరూ లేనప్పుడు దాని ముందు నిలబడి, ఎడమ కనుబొమ్మ కింద ఒకటి, ముక్కు పక్కన రెండు కలిసిపోయినవి, పెదవి చివర చిన్నది అని వేలితో వెతుక్కుంటాను, ఒక్కొక్కటీ తీసేసింది నేనే కాబట్టి చోట్లన్నీ గుర్తున్నాయి. ఆమె ముఖాన్ని మూడు వారాలు భూతద్దం పెట్టి అంత దగ్గరగా చూశాను. ఆ మూడు వారాల్లో ఒక్కసారైనా నార్సింగి వెళ్ళి, బాగున్నావు పెద్దమ్మా అని ఆమెతో అనలేదు.