మా అవ్వ గొంతు, మా చిన్నమ్మ వేలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నొప్పులన్నిటికీ ఒకటే మందు, అది మా అవ్వ గొంతు. మాత్రలు దొరక్క కాదు, అవ్వ గొంతు కంటే మాత్ర ఆలస్యంగా పనిచేస్తుందని మా అందరి నమ్మకం. ముప్పై ఏళ్లకు పైగా పురుళ్ల వార్డులో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, కాబట్టి మాత్రల మీద నాకేమీ పగ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను.

మాది ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో చిన్న ఊరు. ఎండలు ముదరకముందే కల్లాల నిండా మిరపకాయలు ఎర్రగా ఆరేవి. వాటికి తొడిమలు తీయడం ఆడవాళ్ల పని. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా వేళ్లతో తుంచడమే. మధ్యాహ్నానికి చేతులు మండడం మొదలయ్యేది. ఆముదం రాసుకున్నా, మజ్జిగలో ముంచినా ఆ మంట తగ్గేది కాదు. చంటిబిడ్డల తల్లులు బిడ్డల్ని మోచేతులతో ఎత్తుకునేవాళ్లు. బడి లేని రోజుల్లో నేనూ వాళ్ల మధ్య కూర్చునేదాన్ని. తీసిన తొడిమల కంటే తుమ్మిన తుమ్ములే ఎక్కువ.

ఆ గుంపులో మా అవ్వ అందరికంటే పెద్దది. మంట ఓర్చుకోలేక ఏ మనిషైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే, అవ్వ ఆమె పక్కకు జరిగి కూర్చునేది. "మండుతాండాదా? అవును, మండుతాది. యా ఏలు శానా మండుతాండాది?" అని అడిగేది. ముందు మంటను ఒప్పుకునేది. ఆ తర్వాత ఆ మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా తన గొంతును ఒక మెట్టు కిందికి దించేది. "కాల్వ గట్టున కూసున్యావు. సేతులు నీళ్లల్ల పెట్టినావు. నీళ్లు సల్లగ పోతాండాయి. మణికట్టు దాకా వచ్చినాయి..." కాసేపటికి ఆమె భుజాలు దిగేవి, రెప్పలు బరువెక్కేవి, చేతులు మాత్రం తుంచుతూనే ఉండేవి. మంటలో సున్నను చెరిపి దీర్ఘం తీస్తే మాట అవుతుంది. మా అవ్వకు అక్షరాలు రావు గానీ దీర్ఘాలు తీయడం బాగా వచ్చు. సున్నలు నా వంతు, లెక్కల పరీక్షలో.

దాన్ని హిప్నాటిజం అంటారని నర్సు శిక్షణలో ఒక డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. అది మంత్రమూ కాదు, నిద్రా కాదు. మనిషి ధ్యాస ఇరుకు వాకిలి లాంటిది, ఒకసారికి ఒక్కరే పడతారు. మనం నమ్మిన గొంతు ఒకటి చల్లదనాన్ని తెచ్చి ఆ వాకిట్లో నిలబెడితే మంట బయటే ఆగిపోతుంది. మనసు ఒప్పుకుంటేనే సుమా. ఒప్పుకోని మనిషి మీద ఎవరి గొంతూ పనిచేయదు. సూదంటే భయపడేవాళ్లకు, నిద్ర పట్టనివాళ్లకు, కాన్పు నొప్పులు పడేవాళ్లకు అది ఎంత మేలు చేస్తుందో వార్డులో కళ్లారా చూశాను. అయితే మంట బయట ఆగుతుందే తప్ప పోదని నాకు డాక్టరమ్మ చెప్పాల్సిన పని లేకపోయింది.

అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, అప్పుడు మా ఇంట్లోనే ఉండేది. పద్దెనిమిదేళ్ల పిల్ల. పక్కింటి కుట్టుమిషను మీద రవికలు కుట్టడం నేర్చుకుంది. చంక దగ్గర ముడత పడకుండా కుట్టడం అందరికీ పట్టుబడే విద్య కాదట, ఆమెకు పట్టుబడింది. మిరపకాయల పని అయిపోగానే తన అంగట్లో చేరమని ఆదోనిలో ఒక టైలరు చెప్పినాడు. "ఈ ఏడే మే, మళ్ల ఈ కల్లం మొగం సూసేదే లేదు" అని నా జడ లాగుతూ చెప్పేది.

ఎండిన తొడిమ ఒకటి ఆమె కుడిచేతి చూపుడువేలి గోరు కింద గుచ్చుకుంది. గోరుచుట్టు లేచింది. రెండు రోజులు అవ్వే గొంతు దించి ఆ పోటును నిద్రపుచ్చింది. మూడో రోజు ఎవరిదో కాన్పుందని అవ్వ దేవనకొండకు పోయింది. ఆ పొద్దున చిన్నమ్మ వేలు చూసుకుని, కల్లానికి రానని, బస్సెక్కి ఆదోనిలో చూపించుకుంటానని అంది.

అంతలో కల్లంలో పని చేయించే మేస్త్రి మా వాకిట్లోకి వచ్చినాడు. మర్నాడు లారీ వస్తుంది, సరుకు సగం కూడా కాలేదు. "ముసిలామె లేకపోతే ఏమాయ? ఈ పాపకూ వస్తాదంట గదా ఆ ఇద్దె! ఏం పాపా, వస్తాదా, ఉత్త కోతలేనా?" అన్నాడు.

కోతలు నావే. అవ్వ విద్య నాకూ వచ్చేసిందని ఊరంతా చెప్పుకున్నాను. నిజానికి అంతకుముందు ఒక్క మా కోడిపెట్ట మీదే ప్రయోగించాను, అది పొడిచింది. అయినా పదేళ్ల పిల్లకు పెద్దమనిషి అడగడమే గొప్ప. చిన్నమ్మ చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని, అవ్వ లాగే గొంతు దించాను. కాలువ, గట్టు, నీళ్లు, మణికట్టు. ఒక్క మాట మరిచిపోలేదు. చిన్నమ్మ నుదుటి మీద ముడత విడిపోవడం నా కళ్లముందే జరిగింది. "ఓయమ్మ, అవ్వ కంటే నువ్వే మేలు గదే!" అని నవ్వి, కొంగు దోపుకుని కల్లానికి పోయింది. మేస్త్రి నాకు బొరుగుల పొట్లం ఇచ్చినాడు. ఆ బొరుగులంత రుచిగా నేను జన్మలో ఏదీ తినలేదు. అందుకే ఇప్పుడు బొరుగులు ముట్టను.

మర్నాడు పొద్దున మళ్లీ చెప్పాను. మళ్లీ పనిచేసింది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటారే, ఆ పోటు పడినవాళ్లు కనీసం అరుస్తారు. మా చిన్నమ్మ అరవలేదు. లారీ ఎత్తేదాకా తుంచుతూనే ఉంది.

ఆ సాయంత్రం అవ్వ దేవనకొండ నుంచి వచ్చేసరికి చిన్నమ్మ చెయ్యి మోచేతి దాకా వాచి, ఒళ్లు కాలిపోతోంది. ఆదోనికి తీసుకుపోయినారు. ఇంత వాచేదాకా నొప్పి తెలియలేదా అని డాక్టరు అడిగినాడట. లోపల ఎముక దాకా చెడిపోయిందని ఆ వేలికి రెండు కణుపులు తీసేసినారు.

టైలరు మంచివాడే, నెల రోజులు చూసినాడు. చిన్నమ్మ మధ్యవేలితో కత్తెర పట్టడం అలవాటు చేసుకోవాలని పాత గుడ్డలన్నీ వంకర టింకరగా కత్తిరించింది. పట్టు కుదరలేదు. మరుసటి ఏడు తొమ్మిది వేళ్లతో అదే కల్లంలో కూర్చుంది.

చిన్నమ్మ ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు అవ్వ నన్ను గడప మీద కూర్చోబెట్టుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టివుంటే బాగుండేది.

"నీ తప్పు గాదు మే. నేను నీకు సగమే నేర్పినా" అంది. "నొప్పి ఊరికే రాదు, ఏదో సెప్పనీకె వస్తాది. అది సెప్పేది ఇన్నంక సల్లార్చల్ల. నేనే ఇన్లేదు, ఇంగ నీకేం నేర్పుతా? నా గొంతంటే మేస్త్రికి ఎందుకంత ఇష్టమో, అది గూడా తెలుసుకోలేకపోతి."

ఆ తర్వాత అవ్వ కల్లంలో ఎవరికీ ఆ మాటలు చెప్పలేదు. మేస్త్రి బతిమాలినాడు, బెదిరించినాడు. "మండితే లేసి పోవల్ల గానీ, మండల్యా మండల్యా అనుకుంట కూసోగూడదు" అనేసింది. ఇంత చెప్పిన అవ్వను ఊరు మెచ్చుకుందని రాయాలని నాకూ ఉంది. మెచ్చుకోలేదు. లేచి పోతే గంజి ఎవరు పోస్తారని ఆడవాళ్లే తిట్టినారు. ఉన్న ఒక్క చల్లదనాన్నీ ముసలిది దాచుకుందని మాట్లాడటం మానేసినారు. మంట అట్లే ఉంది, తొడిమలు అట్లే ఉన్నాయి, అవ్వ పక్కన మాత్రం ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. వాళ్లదీ తప్పని చెప్పలేను.

వార్డులో నేను ఎంతమంది చెయ్యి పట్టుకుని గొంతు దించానో లెక్కలేదు, లెక్కల్లో నా సంగతి మీకు తెలుసు. ఒక్కరి దగ్గర కూడా అడగకుండా మొదలుపెట్టలేదు. యాడ నొప్పి, ఎప్పటినుంచి, ఎట్లుంది అని అడిగి, వాళ్లు చెప్పింది డాక్టరుకు చేరవేసి, అప్పుడే కాలువ గట్టుకు తీసుకుపోయేదాన్ని. చిన్న నర్సులు నన్ను చాదస్తం సిస్టరమ్మ అనేవాళ్లు. అననీ.

చిన్నమ్మకు ఇప్పుడు డెబ్బై దాటింది. చలికాలం వస్తే ఆ వేలు నొస్తుందంటుంది, లేని వేలు. అట్లాంటి నొప్పి ఉంటుందని డాక్టర్లూ ఒప్పుకుంటారు, దానికి గొంతు బాగానే పనిచేస్తుంది. ఆదోనిలో మా ఇంటికి వచ్చి, చెయ్యి నా ఒళ్లో పెట్టి, "సెప్పు మే" అంటుంది. నేను చెబుతాను. ఆమె నుదుటి మీద ముడత ఇప్పటికీ అట్లే విడిపోతుంది.

ఆ రెండు పొద్దుల మాట ఆమె ఏనాడూ ఎత్తలేదు. యాడ నొప్పి, ఎప్పటినుంచి అని అందరినీ అడిగే మాట ఆమెను మాత్రం నేను అడగను. అడిగితే చెబుతుందేమోనని నా భయం. అడగకుండానే గొంతు దించేస్తాను.