తెరకు తాళం

ఉదయగిరి బడిలో నేను టీచరుగా ఉన్నప్పుడు, మా హెడ్‌మాస్టరమ్మకు కొత్త కంప్యూటరంటే అనుమానం. "మనం చెప్పకుండానే అన్నీ సేవ్ చేస్తాదంట. ఎవురి కోసం అబ్బయా?" అనేది నాతో. మా ఇద్దరికీ ఉండేది ఆ ఒక్క కంప్యూటరే.

నేను నేర్పిన షార్ట్‌కట్లలో ఆమెకు నచ్చింది ఒకటే. విండోస్ కీ, ఎల్ కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది. గుమ్మంలో ఎవరి నీడ కనపడినా, ఆఖరికి మంచినీళ్లకు లేచినా టక్కున నొక్కేది. నా ముందు మాత్రం ఎప్పుడూ నొక్కలేదు.

ఒకరోజు మధ్యాహ్నం, "విండోస్ కీ, వి నొక్కండి మేడమ్. ఇంతకుముందు కాపీ చేసినవన్నీ కనపడతాయి" అన్నాను. నొక్కింది. అన్నిటికన్నా పైన, పొద్దున నేను పైఆఫీసుకు పంపిన అర్జీలోని ముక్క ఉంది. "మా ప్రధానోపాధ్యాయురాలికి కంప్యూటర్ పని రాదు. ఆ బాధ్యత నాకు అప్పగించగలరు."

కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివింది.

"కంప్యూటర్ మంచిదే అబ్బయా. దాచుకోకుండా చెప్పినాది" అనింది.

నేను ఆత్మకూరుకు బదిలీ అయ్యేదాకా ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేను గదిలో అడుగు పెట్టగానే మాత్రం ఆ రెండు కీలూ టక్కుమని తెరకు తాళం పడేది.