తలుగు లేకుండా కొన్న కంప్యూటర్

మా బాపుకు తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. కనీసం ఆయన అట్లాగే అనుకునేవాడు, ఇంట్లో మేమంతా కూడా అట్లాగే అనుకోవాలి. అంగడిలో ఎడ్ల పళ్లు చూసి వయసు చెప్పగల మనిషికి కంప్యూటర్ ఒక లెక్కా? తొంభైల్లో ఒక ఎండాకాలం, అక్క కోసం పాత కంప్యూటర్ కొనడానికి కరీంనగర్ బయలుదేరాడు.

అక్క అప్పటికి మా ఇంటికి తిరిగొచ్చి చాన్నాళ్లయింది. మస్కట్ పోయిన బావ పోయినట్టే ఉండిపోయాడు. ఉత్తరం లేదు, కబురు లేదు. అక్క బీడీలు చుట్టేది. ఆమె కంచం ముందు కూర్చున్న ప్రతిసారీ బాపు, "ఇంకెన్ని దినాలు బిడ్డా నా నెత్తి మీద?" అని మెత్తగా అడిగేవాడు. ఆ మెత్తదనానికే నాకు ఒళ్లు మండేది. అక్క పగలు బీడీలు చుట్టి, సాయంత్రాలు మెట్‌పల్లిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌కు పోయి కంప్యూటర్ మీద తెలుగు కొట్టడం నేర్చుకుంది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసిచ్చే దుకాణం పెట్టుకుంటే వేరే గది తీసుకుని బతకొచ్చని ఆశ. ఆ ఇంట్లోంచి బయటపడటానికి ఆమెకు కనిపించిన దారి అదొక్కటే. తన కమ్మలు, గొలుసు అమ్మింది. కొత్తది కొనే స్తోమత లేదు కాబట్టి పాతది చూసుకున్నాం.

కరీంనగర్‌లో ఒక ప్రెస్సు యజమాని కొత్త మిషన్ తెచ్చుకుని పాతది అమ్ముతున్నాడు. నేనూ వెంట వెళ్లాను. ఆయన మిషన్ నడిపి చూపించాడు. తెర మీద తెలుగు అక్షరాలు చక్కగా వచ్చాయి. అక్క తన పేరు కొట్టి చూసుకుంది. అంత సంతోషం ఆమె ముఖంలో నేను పెళ్లినాడు కూడా చూడలేదు. బేరం కుదిరింది. యజమాని మిషన్ ఆపి, వెనకాల ప్రింటర్ వైరు పెట్టేచోట బిగించి ఉన్న అగ్గిపెట్టెంత డబ్బీని ఊడదీశాడు.

"గిది నేను ఉంచుకుంట. తెలుగు సాఫ్ట్‌వేర్ నా పేరు మీద ఉన్నది," అన్నాడు.

అక్క బాపు చెయ్యి పట్టుకుంది. "బాపూ, మా ఇన్‌స్టిట్యూట్ల గూడ మిషన్ ఎనుక గసొంటిదే ఉంటది. అదేందో జర అడుగు."

బాపు చెయ్యి విదిలించుకున్నాడు. "నువ్వు నోరు ముయ్యి. ఆడోళ్లు నడుమల మాట్లాడితే బేరం చెడుతది."

మా వైపు ఎద్దును అమ్మినవాడు ఎద్దును ఇస్తాడు గానీ, దాన్ని కట్టేసే తలుగు ఇవ్వడు. తలుగు పోతే కొట్టంలోని కలిమి కూడా వెంట పోతుందని నమ్మకం. కొన్నవాడే కొత్త తాడు తెచ్చుకుని కట్టుకోవాలి. పాతది అడిగితే మర్యాద తెలియనివాడి కింద లెక్క. బాపు ఆ డబ్బీని కూడా అట్లాగే చూశాడు.

"తలుగు అమ్మినోనిదే సారూ. మేం కొత్తది కట్టుకుంటం. మాకు ఎరుకే," అన్నాడు దర్జాగా.

ఆ యజమానికి తలుగు సంగతి తెలుసో లేదో గానీ, ఈ పెద్దమనిషికి ఏమీ తెలియదని మాత్రం తెలిసిపోయింది. నవ్వి డబ్బీని జేబులో వేసుకున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే ఇవాళ్టికీ వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

మెట్‌పల్లి బస్టాండు దగ్గర దుకాణానికి గది తీసుకుని, బాపు చుట్టాలందరినీ పిలిచాడు. మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మేనమామ కూతురి పెళ్లి పత్రికే మొదటి పని. అక్క స్విచ్చు వేసింది. ఇంగ్లిషు వచ్చింది. తెలుగు తెరవబోతే, లాక్ లేదని తెర మీద ఒక ముక్క చూపించి మూసుకుపోయింది. మళ్లీ తెరిచింది. మళ్లీ అంతే.

"ఏం జేసినవ్?" అన్నాడు బాపు.

"నేనేం జెయ్యలే బాపూ. గా డబ్బీ లేకుంటే తెలుగు రానట్టున్నది."

"కరీంనగర్ల మంచిగ నడిచింది. నీ చెయ్యి పడంగనే ఖరాబైంది. నీ సంసారం లెక్కనే."

చుట్టాల్లో ఎవరో నవ్వారు. అక్క కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

మర్నాడు నేనూ అక్కా మళ్లీ కరీంనగర్ వెళ్లాం. "చూడమ్మా, నేను అమ్మింది మిషన్. సాఫ్ట్‌వేర్ గాదు. లైసెన్స్ నాది. గా డబ్బీనే లాక్, కొత్త మిషన్‌కు పెట్టుకున్న. ఉంచుకొమ్మని మీ బాపే అన్నడు గదా," అన్నాడు యజమాని.  ఎస్టీడీ బూత్ నుంచి హైదరాబాద్‌లో ఆ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఫోన్ చేశాం. పాత ఓనరు ఒప్పుకుంటే లైసెన్స్ పేరు మారుస్తాం, లేదంటే కొత్తది కొనుక్కోండి అన్నారు. అది మేం కొన్న మిషన్ కంటే ప్రియం. కొనేరోజే ఆ డబ్బీని, లైసెన్స్‌ను కలిపి బేరం చేయాల్సింది. ఆ సంగతి అడగబోయిన ఒక్క మనిషి నోరు బాపు మూయించాడు.

ఇదంతా ఇంటికొచ్చి బాపుకు విడమరిచి చెప్పాను. అరిచి చెప్పాను. ఆయనకు అర్థమైంది, ముఖంలోనే కనిపించింది. "నాకు తెల్వదా?" అని తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోయాడు. దుకాణం గది ఖాళీ చేశాం. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా, మూలన గుడ్డ కప్పిన కంప్యూటర్‌ను చూపించి, "బిడ్డకు కొనిచ్చిన. ఖరాబు జేసింది," అనేవాడు. అక్క సొమ్ములు కరిగించి కొన్నదానికి ఆయన దాత అయ్యాడు.

వానలు మొదలయ్యాక ఇన్‌స్టిట్యూట్ సారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. కంప్యూటర్ మీద తెలుగు కొట్టడం నేర్పడానికి మనిషి కావాలట, జీతమిస్తాడట. మూలనున్న మిషన్ చూసి, "ఏమైందమ్మా దీనికి?" అని అడిగాడు.

బాపు ఎప్పటి మాట అనలేదు. సారుకు మిషన్ల సంగతి తెలుసు. బాపు నేల చూపులు చూశాడు. నేను నోరు తెరిచేలోపే అక్క అంది.

"నేనే ఖరాబు జేసిన సార్. నాకు నేర్పుడు రాదు."

బాపు పరువు కోసం అన్నదో, విని విని నిజమని నమ్మిందో నాకు ఇప్పటికీ తెలియదు. నమ్మి ఉంటే మాత్రం బాపును నేను క్షమించను. సారు వేరే మనిషిని చూసుకుంటానని వెళ్లిపోయాడు.

"మంచిగ జెప్పినవ్ బిడ్డా," అన్నాడు బాపు. ఆయన అక్కను మెచ్చుకోగా నేను విన్నది అదొక్కసారే.