ఆంజనేయుడి తోకకు పదిమంది బరువు

1947 ఏప్రిల్ 24, గురువారం, పొద్దున ఆరున్నర గంటలకు నా ట్రక్కు దుర్గిలో శిల్పుల ఇళ్ళ ముందు ఆగింది. ఒప్పుకున్న పని చిన్నదే. మూడడుగుల రాతి ఆంజనేయుణ్ణి ఎక్కించుకుని పొద్దు వాలేలోగా కారంపూడి చేర్చాలి. ప్రతిష్ఠకు ముందు విగ్రహాన్ని నీళ్ళలో ఉంచే తంతు ఆ సాయంత్రమే ఉంది.

అప్పటికి నాకు అక్షరం రాదు. యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను కనుక ఈ సంగతి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. యుద్ధకాలంలో మిలిటరీ వర్క్‌షాపులో నాలుగేళ్ళు ఫిట్టరు కింద పనిచేశాను. హోదా సిపాయి. నాయక్ కూడా కాలేదు గానీ, అడిగినవాళ్ళకు అయ్యాననే చెప్పేవాణ్ణి. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బళ్ళలో ఒక ముప్పావు టన్ను ట్రక్కు కొన్నాను. ముందు ఇద్దరికి సీటు, వెనక పైకప్పు లేని తొట్టి. పల్నాడులో రాయి మోస్తేనే బండికి తిండి. మాచర్ల వైపు నాపరాయి బాడుగలకు ముప్పావు టన్ను చాలదు. అందుకని బండిని నేనే బాగుచేశాను. బాగుచేశాననే అనుకున్నాను.

వెనక ఇరుసు మీద బరువు మోసేది కమాను, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్ట. బరువు పడ్డప్పుడు అది వంగి గతుకును మింగుతుంది. పక్కకు ఏడేసి పట్టీలతో వచ్చిన బండికి పాత లారీ పట్టీలు కోయించి పదకొండేసి చేశాను. కట్టను ఇరుసుకు బిగించే బోల్టులు వదులు కాకుండా, కొసలను సమ్మెటతో కొట్టి పరిచేశాను. మా హవల్దారు చూసి ఉంటే అదే సమ్మెటతో నన్ను పరిచేవాడు.

విగ్రహం చెక్కింది వీరాచారి. ఎనిమిది నెలలు పట్టిందట. తోక వీపుకు అంటకుండా విడిగా లేచి తల మీదికి వంగి ఉంటుంది, బొటనవేలి లావు. అతని గర్వమంతా ఆ తోకలోనే ఉంది. అది విరిగితే విగ్రహం పూజకు పనికిరాదు, కృష్ణలో కలపాల్సిందే. ఈ సంగతి నింపాదిగా చెప్పి, అతను ఇంట్లోంచి నీళ్ళ కుండ తెచ్చి తొట్టిలో గడ్డి మీద పెట్టాడు. ఊరి చివరిదాకా పోయి రమ్మన్నాడు.

పోయి వచ్చాను. తొట్టిలో తడిసిన గడ్డీ, పెంకులూ ఉన్నాయి.

“కుండకే ఇట్టయితే నా తోక ఏం గావాలయ్యా?” అన్నాడు వీరాచారి.

రోడ్డును తిట్టాను. కమాను కొసల్లోని పిన్నులకు గ్రీజు పట్టించి మళ్ళీ వెళ్ళాను. రెండో కుండ పోయింది. వెనక టైర్లలో గాలి కొంత తీసి వెళ్ళాను. మూడో కుండ పగల్లేదు, నెర్రె ఇచ్చి నీళ్ళన్నీ కార్చుకుంది. దాన్ని నా గెలుపుగా చూపించబోయాను. విగ్రహం చేయించిన సుబ్బయ్య శెట్టి గారు, కారంపూడిలో కిరాణా వ్యాపారి, అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. “ఒరేయ్ యోహానూ, నువ్వు మోటారు పని నేర్చుకున్నావా, కుమ్మరోళ్ళతో పొత్తు కలిశావా?” అన్నారు.

రోడ్డు పక్కన, ఊరి బయట ఉండే మా పాలెం వాళ్ళు పదిమంది కారంపూడి బస్సు కోసం కూర్చుని ఉన్నారు. మిరప కల్లాల్లో పనికి పోవాలి. బస్సు జాడ లేదు. వాళ్ళలో మరియమ్మ నాకు మేనత్త వరస, నా రాళ్ళ లోడు మీద చాలాసార్లు ప్రయాణం చేసిన మనిషి.

“రాళ్ళేసుకొచ్చిన రోజు నీ బండిలో నిద్ర పట్టుద్దిరా,” అంది. “ఖాళీగా ఎక్కితే నడుం ఇరిగిద్ది. కడుపు నిండితే సాధుగొడ్డు, ఆకలేస్తే తన్నుద్ది.”

నాలుగేళ్ళ మిలిటరీలో నాకు తట్టని సంగతి అది. పదకొండు పట్టీలు వంగాలంటే అర టన్ను పైన పడాలి. విగ్రహం మూడు బస్తాల బరువు కూడా లేదు. వంగని కమాను గతుకును మింగదు, పైకి విసురుతుంది.

మందు తెలిసింది. నాలుగేసి పట్టీలు తీసేయాలి. కానీ బోల్టు కొసలు పరిచిన మహానుభావుణ్ణి నేనే, నట్లు ఊడి రావు. ఉలితో నరికితే కొత్త బోల్టులకు నరసరావుపేట పోవాలి. నాపరాళ్ళు వేసి బరువు పెంచుదామన్నాను. రాయి జరిగితే రాయినే కొట్టుద్దని వీరాచారి ఒప్పుకోలేదు. మెత్తగా ఉండి, గతుకొస్తే తమంతట తాము సర్దుకునే బరువు కావాలి. అందరం రోడ్డు పక్కకు చూశాం.

“చార్జీ ఇయ్యను. బరువిస్తా,” అంది మరియమ్మ.

పదిమందీ ఎక్కారు. నాలుగో కుండ నిండుగా తిరిగి వచ్చింది.

అప్పుడు శెట్టిగారికి అభ్యంతరం వచ్చింది. పాలెం వాళ్ళు, పైగా క్రైస్తవులు, దేవుడికి ఆనుకుని కూర్చోవడం ఏమిటని. “ప్రతిష్ఠ అయ్యిందాకా అది రాయే శెట్టిగారూ. దాన్ని గనిలోంచి మోసుకొచ్చింది ఈళ్ళే,” అన్నాడు వీరాచారి. శెట్టిగారు ఒక షరతు పెట్టి దిగివచ్చారు. గుడి వీధి మలుపులో అందరూ బండి దిగిపోవాలి.

విగ్రహాన్ని గడ్డిలో నిలబెట్టి తాళ్ళు కట్టాం. అటూ ఇటూ ఐదుగురేసి వీపులు ఆనించారు. వీరాచారి కూడా ఎక్కి తోక దగ్గర కూర్చున్నాడు. శెట్టిగారు ముందు సీటులో వెనక్కి తిరిగే కూర్చున్నారు. ప్రతి గతుక్కీ తోక ఉందా అని అడుగుతున్నారు. “ఉందయ్యా. మీరిట్టా అడగతా ఉంటే ఆయనే సిగ్గుపడి ముడుచుకుంటాడు,” అంది మరియమ్మ.

గుడి వీధి మలుపులో బండి ఆపాను. వీధిలో పరిచిన రాళ్ళు లేచిపోయి ఉన్నాయి. అంతదాకా వచ్చిన కంకర రోడ్డే నయం. మాట ప్రకారం మరియమ్మ, మరి ముగ్గురు దిగారు. బరువు తగ్గగానే కమాను కిర్రుమని తొట్టి రెండంగుళాలు పైకి లేచింది. తోక కూడా దానితోపాటు లేచింది. శెట్టిగారు చూశారు.

“ఎక్కవే,” అన్నారు.

“దిగమంది మీరే గదయ్యా.”

“ఎక్కమ్మా. ఎవరూ దిగబాకండి. గుడిదాకా పోనీరా.”

ఆ వీధిలో మా పాలెం వాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళు. ఆ రోజు బండి మీద కూర్చుని గుడి గుమ్మం దాకా వెళ్ళారు. భక్తి వల్ల కాదు, సంస్కరణ వల్ల కాదు, నా పదకొండు పట్టీల వల్ల. విగ్రహం దిగింది. తోక క్షేమం. ఆ తరవాత వాళ్ళు మళ్ళీ చెప్పులు చేత పట్టుకునే బయటికి నడిచారు.

మర్నాడు బోల్టులు నరికించి నాలుగేసి పట్టీలు తీసేశాను. నేర్చుకున్నవి రెండు. బండికి బలం చేర్చేటప్పుడు అది ఖాళీగా తిరిగే రోజును కూడా తలుచుకోవాలి. ఏదైనా బిగించే ముందు విప్పే దారి ఉంచుకోవాలి.

గుడి ముందు దాతల పేర్లు చెక్కిన రాయి ఉంది. అక్షరాలు వచ్చాక పోయి కూడబలుక్కుని చదివాను. శెట్టిగారి పేరు మొదట ఉంది. బరువిచ్చినవాళ్ళ పేర్లు లేవు కనుక ఇక్కడ రాస్తున్నాను. మరియమ్మ, ఆమె చెల్లెలు కరుణమ్మ, యాకోబు, అతని భార్య శాంతమ్మ, పొడుగు దానియేలు, పొట్టి దానియేలు, రాహేలు, ఏసేబు, మీసాల అబ్రహాం, సువార్తమ్మ. తోక దగ్గర వీరాచారి. ముందు సీటులో సుబ్బయ్య శెట్టి గారు. స్టీరింగు దగ్గర నేను, యోహాను. గడ్డిలో ఆంజనేయుడు.