సెయిన్ చేసిన చేతులు

గ్రిజెల్ కాలు పెట్టని పురిటిగది ఆ ఊళ్ళో లేదు. బిడ్డ భూమ్మీద పడగానే పొగలు కక్కే జూనిపర్ కొమ్మ పట్టుకుని తల్లీబిడ్డల చుట్టూ మూడుసార్లు తిరిగేది, గాలిలో సిలువ గీసేది. దాన్నే సెయిన్ చేయడం అనేవారు. చెడు సోకకుండా దేవుడి పేరున కాపు పెట్టడమన్నమాట. అమ్మమ్మల కాలంలో ఆ మాట అందరి నోళ్ళలో నానుతుండేది. పిల్లాడు తుమ్మితే "దేవుడు నిన్ను సెయిన్ చేయాలి", పొయ్యిలో నిప్పు కప్పుతూ "ఈ ఇంటిని సెయిన్ చేయాలి" అనేవారు. స్కాట్లండ్‌లో చర్చి కేథలిక్ దారి వదిలి ప్రొటెస్టెంటుగా మారాక అది పాతమతపు మూఢత్వమైంది. పెదవి దాటిందా, చర్చి పెద్దల ముందు నిలబడాల్సిందే.

ఆ వసంతంలో పక్కింటి యూఫన్ ఆవు చేపడం మానేసింది. "అత్తా, ఒక్కసారి రావే" అని బతిమాలితే గ్రిజెల్ కొమ్మ పట్టుకుని వెళ్ళింది. పొగవాసన ఎవరి ముక్కున పడిందో ఏమో, వారం తిరక్కుండానే ఇద్దరికీ పిలుపొచ్చింది.

"నేనే చేశానయ్యా, ఇంకెవరూ లేరు" అని యూఫన్ బైబిలు మీద ఒట్టేసింది.

పాస్టరుగారు ఇటు తిరిగారు. "గ్రిజెల్, సెయిన్ చేయడమంటే నీకు తెలుసా?"

"ఆ మాటే ఎన్నడూ వినలేదయ్యా."

ఎదురుగా కూర్చున్న ఐదుగురు పెద్దల్లో నలుగురి పిల్లల్ని సెయిన్ చేసిన చేతులవి. వాళ్ళు ఒళ్ళోని టోపీల వంక చూసుకున్నారు.

మూడు ఆదివారాలు గోనెబట్ట కట్టుకుని చర్చిలో అందరి ఎదుటా పీట మీద కూర్చోవాలని యూఫన్‌కి శిక్ష పడింది. మొదటి ఆదివారం వెనక వరసలోంచి ఒకామె, "ఏం గ్రిజెల్, ఆ మాటే వినలేదట! పుట్టు చెవుడా?" అంది. పక్కవాళ్ళు కిసుక్కుమన్నారు. గ్రిజెల్‌కి తల కొట్టేసినట్టయింది. రెండో ఆదివారం మోకాళ్ళ నొప్పని ఇంట్లోనే ఉండిపోయింది. మోకాళ్ళు శుభ్రంగానే ఉన్నాయి.

మూడో ఆదివారం చర్చి గేటు దగ్గర కాపు కాసింది. యూఫన్ చంకలో గోనెబట్టతో వచ్చింది.

"ఇవాళ లేచి చెప్పేస్తానే. చేసింది నేనని."

"చెప్పు. నా ఒట్టు అబద్ధమని తేలుతుంది. ఊళ్ళోంచే గెంటేస్తారు నన్ను. ఆ రోజు తెరవాల్సిన నోరు ఇవాళ తెరిస్తే ఏం లాభమత్తా?"

"మరి నన్నేం చెయ్యమంటావే?"

"ముందు వరసలో కూర్చో. తల దించకు."

ప్రసంగం రెండు గంటలు సాగింది. గ్రిజెల్ తల దించలేదు. యూఫన్ మాత్రం ఒక్కసారి కూడా ఆమె వైపు చూడలేదు.

తర్వాత గ్రిజెల్ తొమ్మిదేళ్ళు బతికింది. పురిటికి పిలిస్తే వెళ్ళేది, నీళ్ళు కాచేది, బొడ్డు కోసేది. తలుపేసి ఎవరైనా గుసగుసగా కొమ్మ అందించబోతే, చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకు రాదమ్మా" అనేది.