జీడిమచ్చ అని చెప్పింది నేనే

ఎవరి అరికాలైనా కంటపడితే ముఖం తిప్పుకుంటాను. ఏళ్ళుగా ఇదే వరస. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెబుతున్నాను. ఒక చిన్న అబద్ధం నన్ను లోపల్లోపలే తినేస్తోంది.

మాది కర్ణాటకలోని పావగడ తాలూకా. నాన్న కాలం దాకా గొర్రెలు కాసిన ఇల్లు. మా వేరుశనగ చేను సోలార్ పార్కులోకి పోయాక అన్న అక్కడే సెక్యూరిటీలో చేరాడు, నేను అందులోనే వల్లూరు వైపు ప్యానెళ్ళు కడిగే పనిలో చేరాను. అన్న ఒంటి మీద ఎర్రటి పొడలు లేచాయి. తామర అనుకుని ఎన్ని పూసినా పోలేదు. చివరికి బెంగళూరు ఆసుపత్రిలో ముక్క తీసి చూసి, చర్మంలో పుట్టే లింఫోమా అన్నారు. క్యాన్సరే, కానీ మెల్లగా నడిచేది, మందులకు లొంగుతుందన్నారు. వదినది ఆంధ్రాలో మడకశిర వైపు, కన్నడ రాదు. అందుకని అన్న వెంట ప్రతిసారీ నేనే వెళ్ళేదాన్ని.

ఒక ఎండాకాలం అన్న మడమ కింద కందిగింజంత నల్లమచ్చ చూశాను. నడిస్తే గుచ్చుకుంటోందన్నాడు. ముల్లు విరిగిందేమో అనుకున్నాను. ముల్లు దిగితే మా ఇళ్ళలో నల్ల జీడిగింజను దీపం మీద కాల్చి ఆ నూనె చుక్క పెడతాం. పెట్టిన చోట చాన్నాళ్ళు నల్లగా ఉంటుంది. నేనే పెట్టాను. అది తెలియక చేసింది. తప్పు ఆ తర్వాతిది.

ఆ తడవ బెంగళూరు వెళ్తే, ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్నను తల నుంచి కాలి దాకా చూసింది. మడమ దగ్గర ఆగింది. ఇది ఎప్పటినుంచి ఉందని కన్నడలో అడిగింది. అన్న నోరు తెరిచేలోగా, ముల్లు గుచ్చుకుంటే జీడి పెట్టాం, దాని మచ్చే అన్నాను. ఆమె ఇంకోసారి చూసి వదిలేసింది.

ఎందుకన్నాను? మర్నాడు పనికి రాకపోతే నా చోట వేరేవాళ్ళను పెట్టుకుంటానని మేస్త్రి అన్నాడు. అది నిజమే. అదొక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. నాకు విసుగొచ్చింది. ఆ వాసన, ఆ బెంచీలు, ఇంకో పరీక్ష, ఇంకో జబ్బు పేరు. అన్న మీదే విసుగొచ్చింది.

బస్సులో అన్న అడిగాడు.

“ఏమ్మే, జీడి పెట్టకముందే ఆ మచ్చ ఉండె గదా?”

“లేదన్నా. నీకు గుర్తు లేదు. జీడిదే అది.”

“అట్లనా. నువ్వు చెప్తే సరే.”

జీడిమచ్చ అయితే మాసిపోవాలి. అది మాసిపోలేదు, పాకింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటారని, ఆ భయంతోనే రోజులు దొర్లించి, గజ్జల్లో గడ్డ కట్టాక గానీ మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఆ మచ్చే మెలనోమా అన్నారు. పాతది ముదరడం కాదట, ఇది వేరే క్యాన్సర్. ఆ లింఫోమా ఉన్నవాళ్ళలో కొందరికి ఇదీ వస్తుందట. అందుకే ఒళ్ళంతా వెతుకుతామని, అందుకే ఆ రోజు అడిగానని డాక్టరమ్మ చెప్పింది. నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

చివరి రోజుల్లో నేను ఏడుస్తుంటే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

“జీడి పెట్టినందుకే ఇట్లాయెనని ఏడ్వద్దమ్మే. జీడితో ఏం కాదంట. నేను అడిగినా డాక్టరమ్మను.”

తలూపాను. చెయ్యని తప్పుకు నన్ను క్షమించి పోయాడు. చేసింది చెప్పుకోవడానికి నాకు నోరు రాలేదు.

మచ్చ ముందే ఉంది. జీడి తర్వాత పెట్టాను. అబద్ధం ఆడేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు. ఈ మాటలు ఇవాళే బయటికి వచ్చాయి.